పూటకూళ్ళ ఇంటి పిల్లవాడు: బారిస్టరు ప్రకాశం

బ్రాడీపేట అడ్డరోడ్లలో విద్యార్థుల అద్దె గది ఎలా ఉంటుందో మన కళాశాల మిత్రులకు వేరే చెప్పనక్కర్లేదు. మనుషులు నలుగురు, వాదనలు ఎనిమిది. మొన్న హైదరాబాదులో హోటల్ మేనేజిమెంటు చదువుతున్న మిత్రుడొకడు వచ్చి, గొప్ప కాక్‌టెయిల్ బారు అంటే ఏమిటో ఉపన్యాసం ఇచ్చాడు. గొప్పదనం సీసాల్లో లేదట, రంగు దీపాల్లో లేదట, బల్లకు అవతల నిలబడ్డ మనిషిలో ఉందట. వచ్చినవాడి ముఖం చూసి మనసు తెలుసుకోవాలి, ముందు ఏదైనా తినిపించాలి, ఇక చాలు అనిపించినప్పుడు మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టి మర్యాదగా ఇంటికి పంపాలి.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా పెదనాన్న మిరపకాయ టిక్కీలు అమ్ముకుని వచ్చే దారిలో ఒక కొట్టు ఉంది. ఆ కొట్టు బల్ల అవతలి మనిషి ఒక్కనాడూ ఆయనతో ఇక చాలని చెప్పలేదు. అరెకరం పోయిన ఏడాది కూడా చెప్పలేదు.

ఆ రాత్రి నాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారు జ్ఞాపకం వచ్చారు. ఆంధ్రకేసరికీ బారుకీ ఏమిటయ్యా సంబంధం అంటారేమో. ఉంది. ఇంగ్లీషులో బార్ అంటే అడ్డంగా వేసిన కర్ర. కోర్టులో న్యాయమూర్తి ముందుండే అడ్డకర్ర నుంచి బారిస్టరు అనే మాట పుట్టింది. తాగే చోట అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఉండే అడ్డబల్ల నుంచి మన సెంటర్లలో బోర్డుల మీద కనిపించే బారు వచ్చింది. పంతులుగారి జీవితంలో ఈ రెండు కర్రలూ ఉన్నాయి. వాటికంటే ముందు ఇంకో ఇల్లు ఉంది.

ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయారు. తల్లి సుబ్బమ్మగారు పిల్లల్ని పెట్టుకుని ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. పూటకు ఇంత అని పుచ్చుకుని, ఊరుగాని ఊరు వచ్చినవాళ్ళకు అన్నం పెట్టే ఇల్లు అది. ఆ రోజుల్లో ఈ పనికి గౌరవం లేదు. కన్యాశుల్కం చదివినవాళ్ళకు పూటకూళ్ళమ్మను లోకం ఎలా చూసిందో, గిరీశం ఎలా మోసం చేశాడో తెలుసు. కానీ ఆలోచించండి. కోర్టు వ్యాజ్యం ఓడిపోయినవాడూ గెలిచినవాడూ ఒకే పంక్తిలో కూర్చునే చోటు ఇంకెక్కడుంది? వాళ్ళ ఆకలి, దిగులు, కోపం అన్నీ విస్తరి ముందే కదా బయటపడేది! మా మిత్రుడు చెప్పిన లక్షణాలన్నీ, ఒక్క మద్యం తప్ప, ఆ ఇంటికి సరిపోతాయి. ఆ వంటింటి డబ్బుతోనే పిల్లవాడి చదువు మొదలైంది.

ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు చేరదీసి రాజమండ్రి తీసుకువెళ్ళారు. అక్కడ చదువు, నాటకాల్లో వేషాలు, తరువాత ప్లీడరీ, మునిసిపల్ చైర్మన్ గిరీ. చిన్న ప్లీడరుకు హైకోర్టులో వాదించే హక్కు లేదు. అందుకని 1904లో ఇంగ్లండు వెళ్ళారు. మాంసం ముట్టననీ, పొగ తాగననీ తల్లికి మాట ఇచ్చి మరీ ఓడ ఎక్కారు. బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో రెండు చేతులా సంపాదించారు. 1921లో గాంధీగారి పిలుపు విని ఆ ప్రాక్టీసు వదిలి, సంపాదించినదంతా స్వరాజ్య పత్రికలో పోశారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన సంగతి మనం చిన్న తరగతుల్లోనే చదివాం. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు, ఏడాది నిండకుండానే దిగిపోయారు.

ఇక రెండో కర్ర కథ. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి పంతులుగారు ముఖ్యమంత్రి అయ్యేసరికి ఆ చట్టం కూడా వారసత్వంగా వచ్చింది. పైకి మంచి చట్టమే. కానీ తాటిచెట్టు ఎక్కి బతికే గీత కార్మికుల పొయ్యి ఆరిపోయింది. చాటున సారా బట్టీలు మాత్రం ఆరలేదు. ఎస్. వి. రామమూర్తిగారి కమిటీ వేస్తే, నిషేధం ఎత్తివేయమని సలహా ఇచ్చింది. ప్రభుత్వం ఆ సలహా అమలు చేయలేదు. గౌతు లచ్చన్నగారు మంత్రి పదవి వదిలి గీత కార్మికుల పక్షాన సత్యాగ్రహానికి దిగారు. 1954 నవంబరు 6న శాసనసభలో ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం పడిపోయింది. ఆ ఏడాది జులైలోనే ఆంధ్ర హైకోర్టు మన గుంటూరులో వెలిసింది. అంటే ఆయన చేతిమీదుగా గుంటూరుకు ఒక బారు వచ్చిన సంవత్సరమే, ఇంకో బారు ఆయన పదవిని తీసుకుపోయిందన్న మాట.

ఇక్కడ నాకు పంతులుగారి మీద చిన్న ఫిర్యాదు ఉంది. చిన్నవాణ్ణి, పెద్దలు క్షమించాలి. ఉంచడమా, ఎత్తివేయడమా అని రెండు పక్షాలూ కొట్టుకున్నాయి గానీ, బల్లకు అవతల ఎవరు నిలబడాలి అన్న ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. నిషేధానికి ముందు కొట్లను ఏటా వేలం వేసేవారు. పాట పాడుకున్నవాడు పెట్టుబడి రాబట్టుకోవాలంటే తాగేవాడి చేత మరో గ్లాసు తాగించాలి. అలాంటివాడు మంచినీళ్ళు ఎందుకు పెడతాడు? పూటకూళ్ళ ఇంట్లో పెరిగిన మనిషికి ఇది అందరికంటే బాగా తెలిసి ఉండాలని నాకనిపిస్తుంది. పదవి నిలిస్తే ఆ దారి పట్టేవారేమో, చెప్పలేం. 1957 మే 20న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు.

ఆ తరువాత 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. మా పెదనాన్న ఇంకా పూర్తిగా మానలేదు. కాకపోతే ఇప్పుడు బస్సు దిగేచోట టిఫిను బండి నడిపే ఒకావిడ ఉంది. అన్నయ్యా, ముందు రెండిడ్లీలు తిను అని కూర్చోబెడుతుంది. ఈలోగా మా పెద్దమ్మకు ఫోను చేస్తుంది. టిక్కీల డబ్బు ఆవిడ బండి కింద డబ్బాలోనే ఉంటుంది, పెద్దమ్మ వచ్చిందాకా.