గుర్రం మీంచి పడ్డాడు.. మెదడు అలలు పట్టాడు

క్లాసులో మనసు ఎటో పోతే ఆ సంగతి మెదడులో కనిపిస్తుందా? దీనికి తొలి ఆధారం చూపించిన హాన్స్ బెర్గర్ 1873లో జర్మనీలో పుట్టాడు. ఖగోళశాస్త్రం చదువుదామని కాలేజీలో చేరి, మధ్యలోనే మానేసి, ఏడాది పాటు సైన్యంలోకి వెళ్లాడు.

అక్కడ ఓరోజు గుర్రం మీంచి ఫిరంగి బండికి అడ్డంగా పడ్డాడు. బండి ఆఖరి క్షణంలో ఆగింది. ఆ సాయంత్రమే క్షేమం అడుగుతూ ఇంటి నుంచి టెలిగ్రాం! అతనికేదో ఆపద వచ్చిందని సోదరి పట్టుబట్టిందట. తన భయం అంతదూరం ఎలా చేరిందో తేల్చాలనుకుని బెర్గర్ మెడిసిన్‌కి మారాడు. 1897లో యేనా మానసిక వైద్యశాలలో చేరాడు.

మెదడులో రక్తప్రవాహం కొలిచాడు, ఉష్ణోగ్రత కొలిచాడు. ఏళ్లు గడిచాయి, ఆశించింది దొరకలేదు. చివరికి 1924లో 17 ఏళ్ల కుర్రాడి తల మీంచి విద్యుత్ అలలు నమోదు చేశాడు. అయినా వెంటనే ప్రకటించలేదు. అవి గుండెవో, కండరాలవో కావచ్చని ఐదేళ్లు తననే అనుమానించుకున్నాడు. 1929లో పేపర్ వేస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్రియన్, మాథ్యూస్ అదే చేసి చూపాక ప్రపంచం నమ్మింది. అదే ఈఈజీ. వెతికిన టెలిపతి మాత్రం దొరకనేలేదు.

కూతురు ఇల్సా మీదా ప్రయోగాలు చేశాడు. ఊరికే కూర్చున్నప్పుడు సెకనుకు పదిసార్లు ఊగే ఆల్ఫా అలలు, ఆమె మనసులో లెక్క చేస్తుంటే తగ్గిపోయేవి. అంటే ఏకాగ్రతకు గ్రాఫ్ మీద ఓ గుర్తు దొరికినట్టే.

ఇదే బెర్గర్‌కి ఇంకో ముఖం ఉంది. నాజీల కాలంలో, మానసిక రోగులుగా ముద్రపడ్డవారికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు ఖరారు చేసే కోర్టులో ఆయనా సభ్యుడే. 1941లో తీవ్రమైన కుంగుబాటుతో తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ముద్ర వేయడం ఎంత ప్రమాదమో ఏడీహెచ్‌డీ విషయంలోనూ గుర్తుంచుకోవాలి. నెమ్మదైన థీటా, వేగమైన బీటా అలల నిష్పత్తిని చూసి నిర్ధారణకు సాయపడే ఈఈజీ పరికరానికి 2013లో అమెరికా అనుమతిచ్చింది. వయసు 6 నుంచి 17 ఏళ్లు. అయితే ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల అంకెలు, లేనివాళ్ల అంకెలు చాలావరకు కలిసిపోతాయి. అంకె ఒక్కదాన్నే నమ్మలేం. టీనేజీ అమ్మాయిల్లో ఇది ఇంకా చిక్కు. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్లను బద్ధకస్తురాలనేస్తారు, పరీక్షకే పంపరు.

సిగ్నల్ ప్రాసెసింగ్, బయోమెడికల్, డేటా సైన్స్ చదివేవాళ్లకు ఇక్కడ బోలెడు పని ఉంది. మోడల్ కట్టేముందు ఒక్కటి చూడండి: మీ డేటాలో ఆ అమ్మాయిలు ఎంతమంది ఉన్నారు? బెర్గర్‌లా ముందు మీ ఫలితాన్నే అనుమానించండి.