సేవకుడి మనవడి నీలి కోటు

అంబేడ్కర్ విగ్రహాలపై సూటు వలసపాలకుల అనుకరణ కాదా అని అడిగే విద్యార్థులు నా తరగతుల్లో ఏటా ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ సూటు ఏ సమాజంలో, ఎవరి ఒంటిమీద రూపు దిద్దుకుందో తెలియాలి. అందుకు నేను ‘బో’ బ్రమ్మెల్‌గా లోకం ఎరిగిన జార్జ్ బ్రమ్మెల్ జీవితాన్ని చెబుతాను.

1778లో లండన్ డౌనింగ్ స్ట్రీట్‌లో పుట్టాడు. చిరునామా గొప్పదే గాని వంశం గొప్పది కాదు. తాత దొరల ఇంట పరిచారకుడు; యజమానికి దుస్తులు తొడగడం ఆ కొలువులో భాగం. తండ్రి ప్రధాని లార్డ్ నార్త్‌కు కార్యదర్శిగా ఎదిగి ఆస్తి కూడబెట్టాడు, కొడుకును ఈటన్‌లో చదివించాడు. కొంతకాలం ఆక్స్‌ఫర్డ్‌లో గడిపి, 1794లో బ్రమ్మెల్ వేల్స్ యువరాజు అశ్వికదళంలో చేరాడు. యువరాజు స్నేహం దొరికింది. దళాన్ని మాంచెస్టర్‌కు తరలించడంతో 1798లో కొలువు వదిలి, వారసత్వపు సొమ్ముతో మేఫెయిర్‌లో కాపురం పెట్టాడు.

అంతవరకు ప్రభువు ప్రభువని దుస్తులే చాటేవి: పట్టు, జరీ, లేసు, పౌడరు అద్దిన విగ్గు. ఫ్రెంచి విప్లవం ఆ ఆడంబరాన్ని అనుమానాస్పదం చేసింది. 1795లో బ్రిటన్ జుట్టు పౌడరుపై ఏడాదికి ఒక గినీ పన్ను వేసింది. పల్లెల్లోని భూస్వాములు గుర్రపుస్వారీకి తొడిగే ఉన్ని కోటు నగరంలోకి వచ్చింది. బ్రమ్మెల్ దానికి ఒక ప్రమాణం ఏర్పరిచాడు. ముదురు నీలి కోటు, లేత రంగు వెయిస్ట్‌కోటు, ఒంటికి అతికిన ప్యాంటు, గంజి పెట్టిన తెల్లని మెడగుడ్డ, రోజూ స్నానం: ఇంతే. పట్టు వంగని చోట, తడిపి ఇస్త్రీ చేస్తే ఉన్ని ఒంటి ఆకారానికి వంగుతుంది. గొప్పతనం జరీ నుంచి దర్జీ కత్తెరకు మారింది. బ్రమ్మెల్ ముస్తాబయ్యే తీరు చూడటానికి యువరాజే అతని గదికి వచ్చి కూర్చునేవాడని చెబుతారు. దొరకు దుస్తులు తొడిగిన సేవకుడి మనవడి ముందు సింహాసన వారసుడు శిష్యుడయ్యాడు.

అయితే ఇది సమానత్వం కాదు. కుట్టు, ఉతుకు వేరెవరివో. కోటు మాత్రం అరువు. 1811 నాటికి యువరాజుతో స్నేహం చెడింది. జూదం, అప్పులు చుట్టుముట్టి 1816లో కలేకు పారిపోయాడు. సామాన్లు వేలమయ్యాయి. 1830లో కాన్ నగరంలో బ్రిటిష్ కాన్సల్ పదవి దక్కినా, రెండేళ్లకే అది రద్దయింది. 1835లో అప్పులకు జైలు పాలయ్యాడు. 1840లో అక్కడి మానసిక చికిత్సాలయంలో మరణించాడు. అతన్ని కూల్చినవి అప్పులు, యువరాజు అలక. తాత కొలువు కాదు. పుట్టుక అందరికీ తెలిసినా తలుపులు తెరుచుకున్నాయి.

ఇక్కడే మన సమాజం వేరు. 1917లో కొలంబియాలో, లండన్‌లో చదివి బరోడా సంస్థానంలో ఉన్నతోద్యోగంలో చేరిన అంబేడ్కర్‌కు అద్దె ఇల్లు దొరకలేదు. పార్సీ పేరుతో సత్రంలో దిగితే, కులం బయటపడగానే కర్రలతో వచ్చిన గుంపు వెళ్లగొట్టింది. చదువు, హోదా కులాన్ని దాటించలేదు. పైగా ఇక్కడ వస్త్రమే నిషేధం. చండాలురు శవాల బట్టలు కట్టాలని మనుస్మృతి విధించింది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైవస్త్రం కోసం 1859 దాకా పోరాడవలసి వచ్చింది.

బ్రమ్మెల్‌కు కోటు పై మెట్టు ఎక్కే సాధనం. వర్గం కదిలే గోడ గనుక అది పనిచేసింది. కులం గోడను ఏ కోటూ దాటించదని అంబేడ్కర్‌కు తెలుసు. అయినా ధరించాడు, 1927లో మహాడ్‌లో దళిత స్త్రీలను పరిశుభ్రంగా, గౌరవంగా దుస్తులు కట్టుకోమన్నాడు. కట్టుకోకూడదన్నది కట్టుకోవడం అనుకరణ ఎలా అవుతుంది? అది ఆజ్ఞాధిక్కారం. విగ్రహం మీది సూటును పల్లెల్లో ఇప్పటికీ కొందరు సహించలేకపోవడానికి కారణం అదే.