పోటు వేళ తెలిసిన మనిషి

పోర్ట్‌బ్లెయిర్‌లో ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరైన మా నాన్న ఈ వేసవిలో వెళ్లిపోయారు. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గానీ ఆయన నోట చివరిదాకా అది పోర్ట్‌బ్లెయిరే. ఆయనతో పాటు ఒక పనితనం కూడా ఈ దీవుల నుంచి సెలవు తీసుకుంది. సముద్రాన్నే చెరువుగా చేసుకుని మంటలార్పిన పనితనం అది. నాన్ననూ ఆ పనినీ వేరుచేసి తలుచుకోవడం నా వల్ల కాదు. అందుకే ఈ నాలుగు మాటలూ ఇద్దరికీ.

మేం మెయిన్‌లాండ్ అనే ఆ ఒడ్డున, ఒక ఊళ్లో పెద్ద మంట లేస్తే పక్క ఊరి ఫైరింజన్లు పరుగున వస్తాయి. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ తగలబడినప్పుడు నాన్న రేడియో దగ్గర నుంచి కదల్లేదు. మా చుట్టాలు గాజువాక వైపు ఉండడం ఒక కారణం. రెండోది ఆయన చాలా రోజుల తర్వాత చెప్పారు. "అక్కడ ఒకరికి చాలకపోతే ఇంకొకరొస్తారు. మనకి చాలకపోతే ఎవరొస్తారమ్మా?" విశాఖకూ మాకూ మధ్య సుమారు 1200 కిలోమీటర్ల నీళ్లు. ఓడకి రెండు రోజులు దాటుతుంది. దీవిలో అగ్నిమాపక దళానికి పొరుగూరు లేదు. ఉన్న బండి, ఉన్న మనుషులు, ఉన్న నీళ్లు, అంతే. ఆయన జీవితమంతా ఈ ఒక్క ఎరుక మీద నడిచింది.

ఆ ఉన్న నీళ్లైనా ఎన్నని? ఏడాదికి మూడు మీటర్ల దాకా వాన కురిసే చోటే ఇది. అయినా ఏటవాలు నేల మీద పడ్డ వాన పడ్డట్టే సముద్రంలోకి జారిపోతుంది. ఊరికి ముఖ్యమైన ఆధారం ధనిఖారీ డ్యామ్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దాని మట్టం దిగిపోతుంటే ఇళ్లలో బిందెలు కుళాయి కోసం కాచుకుని ఉంటాయి. చెక్క ఎండి, గాలి పొడిబారి, మంటలు లేచేది కూడా ఆ నెలల్లోనే. 4500 లీటర్ల ట్యాంకున్న బండి అయినా పంపు పూర్తి జోరు మీద ఉంటే మూడు నిమిషాలకు మించి ఆగదు. ఆ తర్వాత మిగిలేది చుట్టూ ఉన్న ఉప్పునీరు.

ఇక్కడే మా తాత పని నాన్నకు అక్కరకొచ్చింది. తాత శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి ఓడెక్కి వచ్చిన మత్స్యకారుడు. 1950ల నుంచీ ఆ తీరం వాళ్లు ఇలా వచ్చి స్థిరపడుతూనే ఉన్నారు. జంగ్లీఘాట్‌లో నేటికీ తెల్లవారుజామున వినిపించేది ఉత్తరాంధ్ర యాసే. 2011 జనగణనలో ఈ దీవుల జనం 3,80,581 మంది అయితే, వాళ్లలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి పదమూడు మందికి పైనే. నాన్న చిన్నప్పుడే తాతతో పడవెక్కారు. తిథి చెబితే పోటు వేళ చెప్పగలిగేవారు. పోటు రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతుందన్న లెక్క ఆయనకి బడిలో రాలేదు, తాత పక్కన కూర్చుని వల సర్దుతుంటే వచ్చింది. వల వదిలేసి ఖాకీ తొడిగిన కొడుకు తన విద్యనంతా పంపు దగ్గరికి మోసుకెళ్లాడని తాతకు చివరి రోజుల్లో తెలిసింది. ఆయన ఎంత సంతోషించారో అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పంపు నీటిని ఎంత లోతు నుంచైనా లాగుతుందనుకుంటాం. నిజానికి నీటిని పైకి నెట్టేది గాలి ఒత్తిడి. లెక్క ప్రకారం దాని హద్దు పది మీటర్లు, పనిలో ఏడు మీటర్లు దాటితే కష్టం. పున్నమికీ అమావాస్యకీ ఇక్కడ పోటుకూ ఆటుకూ నడుమ సుమారు రెండు మీటర్ల తేడా ఉంటుంది. ఆటు వేళ నీరు కిందికి దిగడమే కాదు, దూరంగా జరిగిపోతుంది. మధ్యలో బురద, పగడపు రాయి బయటపడతాయి. సక్షన్ పైపు మూతి బురదలో దిగిందంటే జాలీ పూడుకుపోతుంది, ఇంజను ఎంత అరిచినా చుక్క రాదు. అందుకని బండి బయల్దేరకముందే నాన్న ఆకాశం వైపు ఒకసారి చూసేవారు. అబర్డీన్ జెట్టీయా, ఫీనిక్స్ బేనా, హడ్డో వైపా, జంగ్లీఘాటా అన్నది ఆ ఒక్క చూపులో తేలిపోయేది. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ ఒడ్డున బండి ఎంత దూరం దిగుతుంది, ఏ మెట్టు మీద పంపు పెట్టాలి, ఆటు వేళ పైపు ఇంకెంత కలపాలి, అన్నీ చిన్న అక్షరాలతో తెలుగులో రాసుకున్నారు. తోటివాళ్లలో బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీవాళ్లు ఉండేవారు. వాళ్లకి అండమాన్ హిందీలో చదివి వినిపించేవారు.

మంట ఆరాక అసలు చాకిరీ మొదలయ్యేది. ఈ భాగం గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే దీన్ని ఎవరూ చూడలేదు. ఉప్పునీరు తాగిన పంపును అలాగే వదిలేస్తే లోపల తినేస్తుంది. జనం ఇళ్లకు వెళ్లిపోయాక, మసి ముఖాలు కూడా కడుక్కోకుండా, వీళ్లు ముందు పంపుకి మంచినీళ్లు పట్టేవారు. ఊరికే నీళ్లు కరువైన వేళ ఆ కొద్ది మంచినీళ్లూ యంత్రానికి దక్కేవి. తర్వాత పైపులు. ఆ రోజుల్లో కాన్వాసు పైపులు. నీళ్లు వదలగానే మొదట ఒళ్లంతా చెమర్చేవి. నారపోగులు తడిసి ఉబ్బాక వాటంతట అవే బిగుసుకునేవి. పని అయ్యాక వాటిని పరిచి, చీపురుతో ఉప్పూ బురదా వదిలేలా కడిగి, ఎత్తైన స్తంభానికి వేలాడదీసి ఆరబెట్టాలి. తడి ఉండగా చుట్టేస్తే బూజు పట్టి, మళ్లీ నీళ్ల ఒత్తిడి తగిలినప్పుడు చినుగుతాయి. ఏడాదిలో సగానికి పైగా వానలుండే ఊళ్లో పైపు ఆరడమంటే మాటలు కాదు. పైపు చివర నీళ్లు చిమ్మే ఇత్తడి బ్రాంచి, పైపులను కలిపే కప్లింగులు మెరిసేలా తోమేవారు. ఆ మెరుపు అందం కోసం కాదనీ, ఉప్పు పట్టిన కప్లింగు చీకట్లో కలవదనీ పెద్దయ్యాకే నాకు అర్థమైంది.

అమ్మకి ఈ పైపులతో ఒక జీవితకాలపు పోటీ. "మంట కాడికెల్తే నాకు బెంగ నేదు. ఇంటికొచ్చి పైపారనేదని ఈ మనిషి పడే బెంగే నాకు బెంగ" అనేది. అన్నం ముందు కూర్చుని కూడా కిటికీలోంచి మబ్బు చూసే భర్తతో ఆమె కాపురం చేసింది. రంగత్‌కి, కార్ నికోబార్‌కి బదిలీ అయినప్పుడు నెలల తరబడి ఒంటరిగా మమ్మల్ని సాకింది. కార్ నికోబార్ నుంచి వచ్చినప్పుడల్లా ఆయన బట్టలకు కొబ్బరి పొగ వాసన ఉండేది. అక్కడ కొబ్బరి కురిడీలు పొగ మీద ఆరబెడతారు. నూనె దిగిన ఆ పాకలు అంటుకుంటే నీళ్లు చాలవని, మట్టి కావాలని ఆయన అమ్మకి వివరించేవారు. అమ్మ వినేది. వింటున్నట్టు కనిపించేది కాదు గానీ అన్నీ వినేది.

ఆయన ఆర్పిన మంటల్లో ఎక్కువ చెక్క ఇళ్లవే. చాథమ్ కోతమిల్లు 1883లో మొదలైన ఊరు ఇది. పడాక్ స్తంభాలు, గర్జన్ పలకలు, పైన రేకు, ఒకప్పుడు మా వీధులన్నీ ఇవే. గర్జన్ చెట్టు జిగురును పూర్వం కాగడాలకు వాడేవారంటే ఆ చెక్క ఎలా మండుతుందో ఊహించుకోవచ్చు. అలాంటి ఇళ్ల వరసలో మధ్య ఇల్లు అంటుకుంటే, పోయిన ఇంటిని వదిలి పక్క రెండిళ్లను తడపాలి. కాలుతున్న ఇంటివాళ్లు ఏడుస్తూ చొక్కా పట్టుకుని గుంజుతుంటే నీళ్లు పక్కింటి మీద పొయ్యడం తనకు ఎన్నేళ్లైనా అలవాటు కాలేదని ఒకసారి అన్నారు. మర్నాడు డ్యూటీ దిగాక ఆ కాలిన ఇంటికి వెళ్లి, బూడిదలో సామాను వెతికే వాళ్లతో పాటు తనూ వంగి వెతికేవారు.

ఏప్రిల్ 14 ఆయనకు పండుగ కంటే పెద్ద రోజు. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పత్తి బేళ్లు, పేలుడు సామగ్రితో పేలిపోయింది. మంట ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది తిరిగి రాలేదు. దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరిగేది వాళ్ల జ్ఞాపకంగానే. ఆ ఉదయం కవాతు అయ్యాక నాన్న హడ్డో రేవు వైపు నడిచి వెళ్లేవారు. మెయిన్‌లాండ్ ఓడ కట్టి ఉంటే దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, ఎక్కడ నిలబడాలో మనసులో లెక్క వేసుకుని వచ్చేవారు.

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు భూమి కదిలింది. తర్వాత సముద్రం వచ్చింది. ఆ వారాల్లో నాన్న మంచినీళ్లు పంచారు, బురద తోడారు, నికోబార్ నుంచి ఓడల్లో వచ్చిన ముసలివాళ్లను జెట్టీ మీద భుజం పట్టి దించారు. అది ఆయన వయసువాళ్లంతా చేశారు. ఆయన ఒక్కరే చేసిన పని ఇంకొకటుంది. ఆ భూకంపంతో పోర్ట్‌బ్లెయిర్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లో నిలిచిన ఉప్పునీరు మళ్లీ వెనక్కి పోలేదు. అంటే నోటుపుస్తకంలోని కొలతలన్నీ తప్పిపోయాయి. సెలవు రోజుల్లో తాత వదిలిపోయిన గుండుతాడు తీసుకుని, ముడి ముడికీ లెక్కపెడుతూ, ఒక్కో జెట్టీ దగ్గర పోటులో ఒకసారి, ఆటులో ఒకసారి లోతు కొలిచారు. చేయమని ఎవరూ చెప్పలేదు. పుస్తకం మొత్తం కొత్తగా రాశారు.

మార్పు నెమ్మదిగా, మర్యాదగానే వచ్చింది. ముందు గంట పోయింది. డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి తాడు పట్టి మోగించే ఇత్తడి గంట స్థానంలో సైరను వచ్చింది. తన చేతి గంటను మా వీధి పిల్లలు గుర్తుపట్టేవారని నాన్నకు మురిపెం. కాన్వాసు పైపుల చోట రబ్బరు పూత పైపులు వచ్చాయి, అవి త్వరగా ఆరతాయి. చెట్ల నరికివేతకు 2002 మే 7న సుప్రీంకోర్టు కళ్లెం వేశాక, సునామీ తర్వాత మరీ, చెక్క ఇళ్లు తగ్గి సిమెంటు ఇళ్లు లేచాయి. ఎక్కువ నీళ్లు మోసే బండ్లు వచ్చాయి. సముద్రం దగ్గరికి దిగాల్సిన అవసరం అరుదైంది. వీటిలో దేన్నీ ఆయన తక్కువ చేసి మాట్లాడలేదు. అడవి మిగులుతోందని, ఇళ్లు తక్కువ కాలుతున్నాయని సంతోషించారు. పాత పనికి అంతకంటే గౌరవమైన వీడ్కోలు నాకు తెలియదు. తన విద్య అక్కర్లేని రోజు రావాలని కోరుకుంటూనే దాన్ని చివరిదాకా పదును పెట్టుకున్న మనిషి ఆయన. రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం ఒడ్డుకు వెళ్లి నీటి గీత ఎక్కడుందో చూసి వచ్చేవారు.

పెద్దకర్మ రోజున దళం నుంచి వచ్చిన వాళ్లలో ఒక కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదట, నోటుపుస్తకం గురించి విని ఉన్నాడు. పుస్తకం ఇచ్చాను. తిరగేశాడు. పుట్టుక ఇక్కడే, తెలుగు ఇంట్లో మాట్లాడతాడు గానీ చదవడం రాదు. "ఆంటీ, జంగ్లీఘాట్‌లో ఆటు వేళ పంపు ఎక్కడ పెట్టేవారు?" అని అమ్మనడిగాడు. నేను పుస్తకం తీసుకుని వెతికే లోపే అమ్మ మొదలుపెట్టింది. జంగ్లీఘాట్, దాని వెంట ఫీనిక్స్ బే, తర్వాత అబర్డీన్ జెట్టీ, ఎన్నో మెట్టు, ఎన్ని పైపులు, సునామీకి ముందు ఎంత, తర్వాత ఎంత. కుర్రాడు జేబులోంచి కలం తీసి హిందీలో రాసుకుంటున్నాడు. హడ్డో దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆగి, "అక్కడ కొత్తగా ఏదో కడతన్నారట గదా బాబూ, ఓపాలి నువ్వే ఎల్లి కొలుసుకో, గుండుతాడు మా ఇంట్లోనే ఉంది" అంది.