గారీ గైగాక్స్

గారీ గైగాక్స్ (జూలై 27, 1938 - మార్చి 4, 2008) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన క్రీడా రూపకర్త, రచయిత. ఈయన పూర్తి పేరు ఎర్నెస్ట్ గారీ గైగాక్స్. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి ఈయన రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. ఆటగాళ్ళు కల్పిత పాత్రలను ధరించి కథను నడిపే రోల్ ప్లేయింగ్ గేమ్ అనే ప్రక్రియలో అమ్మకానికి వచ్చిన మొదటి ఆట ఇదే. దూరదూరాన ఉన్నవారు ఇంటర్నెట్ ద్వారా ఈ ఆటలు ఆడుకొనేందుకు నేడు వర్చువల్ టేబుల్‌టాప్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి కంప్యూటర్ తెరపై చూపేది నాడు గైగాక్స్, ఆర్నెసన్‌లు పరచిన ఆటబల్లనే.

బాల్యము, తొలి జీవితము

గైగాక్స్ షికాగో నగరంలో జన్మించాడు. తండ్రి ఎర్నెస్ట్ స్విట్జర్లాండు నుండి వలస వచ్చినవాడు, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాద్యకారుడు. 1946లో ఈ కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణానికి తరలివెళ్ళింది. చిన్ననాటి నుండి గైగాక్స్‌కు చదరంగమన్నా, అద్భుత కథలన్నా మక్కువ. ఉన్నత పాఠశాల చదువును మధ్యలోనే మానివేశాడు. నావికాదళ పదాతి విభాగమైన మెరీన్స్‌లో చేరినా, అనారోగ్య కారణంగా త్వరలోనే తిరిగి వచ్చాడు. 1958లో మేరీ జో పావెల్‌ను వివాహమాడాడు. వీరికి ఐదుగురు సంతానం. కుటుంబ పోషణకై ఒక బీమా సంస్థలో ఉద్యోగం చేశాడు.

యుద్ధ క్రీడలు

బల్లపై బొమ్మ సైనికులను మోహరించి, పాచికలు వేసి ఫలితాన్ని తేల్చే యుద్ధ క్రీడలపై 1960లలో గైగాక్స్‌కు ఆసక్తి పెరిగింది. 1967లో సుమారు 20 మంది ఆటగాళ్ళను తన ఇంటికి ఆహ్వానించాడు. మరుసటి ఏడాది 50 డాలర్ల అద్దెకు ఊరిలోని హార్టికల్చరల్ హాలును తీసుకొని బహిరంగ సమావేశం జరిపాడు. జెన్ కాన్ అనే వార్షిక క్రీడోత్సవానికి ఇది నాంది. 2003 నుండి ఈ ఉత్సవానికి ఇండియానాపొలిస్ నగరం వేదికగా ఉంది.

1970లో బీమా సంస్థలో ఉద్యోగం పోయింది. గైగాక్స్ ఇంటివద్ద బూట్లు బాగుచేసే పని చేపట్టి, మిగిలిన కాలాన్ని ఆటల రచనకు వినియోగించాడు. జెఫ్ పెర్రెన్‌తో కలిసి వ్రాసిన చెయిన్‌మెయిల్ 1971లో వెలువడింది. మధ్యయుగపు యుద్ధాలకు సంబంధించిన ఈ నియమావళికి మాంత్రికులతో, డ్రాగన్లతో కూడిన అనుబంధాన్ని చేర్చాడు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్

మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాలలో డేవ్ ఆర్నెసన్ ఈ నియమాలను కొంతవరకు వాడుకొని బ్లాక్‌మూర్ అనే ఆటను నడిపేవాడు. అందులో ఒక్కొక్క ఆటగాడు సేనను కాక ఒకే ఒక వ్యక్తిని నడుపుతాడు. ఆ వ్యక్తి ఒక ఆటలో గడించిన అనుభవం తరువాతి ఆటకు కొనసాగుతుంది. 1972 చివరలో ఆర్నెసన్ లేక్ జెనీవా వచ్చి దీనిని ఆడి చూపించాడు. గైగాక్స్ ఈ భావనను విస్తరించి నియమాలుగా వ్రాశాడు. తాను సృష్టించిన గ్రేహాక్ కోటలో మొదట తన పిల్లలచేతనే ఆడించి పరీక్షించాడు.

1973లో బాల్యమిత్రుడు డాన్ కేతో కలిసి టి.ఎస్.ఆర్. సంస్థను స్థాపించాడు. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టెగా ఈ ఆట వెలువడింది. తొలి ముద్రణ 1000 ప్రతులు. వాటిని ఇంటివద్ద చేతితోనే అమర్చి పెట్టెలలో సర్దారు.

ఈ ఆటలో డంజన్ మాస్టర్ అనే నిర్వాహకుడు సన్నివేశాన్ని వర్ణిస్తాడు. తమ పాత్రలు ఏమి చేయదలచాయో ఆటగాళ్ళు చెబుతారు. సందేహమున్న చోట 4, 6, 8, 12, 20 ముఖాల పాచికలు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. సాధారణంగా ఇందులో ఒకరు గెలిచి మరొకరు ఓడిపోవడమంటూ ఉండదు.

విజయము, వివాదములు

1975లో డాన్ కే మరణించాడు. ఆర్నెసన్ 1976లో సంస్థను విడిచిపెట్టాడు. రాయల్టీ చెల్లింపుల విషయమై అతడు 1979లో వేసిన దావా 1981లో రాజీతో ముగిసింది. సృష్టిలో ఎవరి పాలు ఎంత అన్న చర్చ మాత్రం నేటికీ సాగుతున్నది.

1979లో మిషిగన్ రాష్ట్రంలో ఒక విద్యార్థి అదృశ్యమైనపుడు పత్రికలు ఆ సంఘటనను ఈ ఆటతో ముడిపెట్టాయి. అసలు కారణాలు వేరని తరువాత తేలింది. అయినా ఈ ఆట పిల్లలను క్షుద్రపూజలవైపు మళ్ళిస్తుందన్న ప్రచారం 1980లలో సాగింది. 1985లో గైగాక్స్ టెలివిజన్‌లో ఈ ఆరోపణలకు సమాధానమిచ్చాడు.

అదే సంవత్సరం భాగస్వాములు తమ వాటాలను లొరెయిన్ విలియమ్స్‌కు అమ్మడంతో సంస్థపై గైగాక్స్ అదుపు కోల్పోయాడు. 1986 చివరలో సంస్థను విడిచాడు. గ్రేహాక్ లోకంపై హక్కులు సంస్థకే మిగిలాయి. ఈయన రూపొందించిన డేంజరస్ జర్నీస్ (1992) అనే కొత్త ఆటపై టి.ఎస్.ఆర్. దావా వేసింది. 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ టి.ఎస్.ఆర్.ను కొనుగోలు చేసిన తరువాత ఆ ఆట యజమానులతో ఈయన సంబంధాలు మెరుగుపడ్డాయి.

చివరి దశ

2004లో గైగాక్స్‌కు రెండుసార్లు పక్షవాతం వచ్చింది. అయినా మిత్రులతో ఆట మానలేదు. 2008 మార్చి 4న లేక్ జెనీవాలో తన 69వ ఏట మరణించాడు. మరుసటి సంవత్సరమే ఆర్నెసన్ కూడా మరణించాడు.

బల్ల నుండి తెరకు

మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఊహించుకోవడంలో ఉన్న సాన్నిహిత్యం కంప్యూటర్ ఆటలలో లభించదని గైగాక్స్ అభిప్రాయం. ఈయన జీవితకాలంలోనే, 2004లో, ఫాంటసీ గ్రౌండ్స్ అనే వర్చువల్ టేబుల్‌టాప్ వెలువడింది. తరువాత రోల్20 (2012), ఫౌండ్రీ (2020) వచ్చాయి. 2020లో కరోనా వ్యాధి కారణంగా ప్రజలు ఇళ్ళకే పరిమితమైనపుడు వీటి వాడకం బాగా పెరిగింది. ఇవి పటాన్ని, పాత్రల గుర్తులను అందరి తెరలపై చూపుతాయి, పాచికలు వేస్తాయి, లెక్కలు చూస్తాయి. సాధారణ కంప్యూటర్ ఆటలో జరుగబోయేదానిని ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. వీటిలో మాత్రం కథ చెప్పేదీ, తీర్పు చెప్పేదీ మనిషే. గైగాక్స్ ఏ సాన్నిహిత్యం పోతుందని భావించాడో, దానిని దూరాన ఉన్న మిత్రుల మధ్య కొంతవరకైనా నిలబెట్టే ప్రయత్నంగా వీటిని చెప్పుకోవచ్చు.