బెర్నార్డ్ రిమ్లాండు

అమెరికాదేశమున తల్లులపై మోపబడిన యొక ఘోరాపవాదు నెదిర్చిన తండ్రి బెర్నార్డ్ రిమ్లాండు. ఆయన 1928లో క్లీవ్‌లాండు నగరమున జన్మించి, నౌకాదళమున మనస్తత్త్వశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. 1956లో పుట్టిన కుమారునియందు ఆటిజము లక్షణములు కానవచ్చెను. తల్లి నిరాదరణమే యిందుకు కారణమని నాటి వైద్యులలో పెక్కురు తలచుచుండిరి. రిమ్లాండు గ్రంథములనేకము శోధించి, ఇది పెంపకపు దోషము గాదనియు, మెదడునకు సంబంధించినదనియు 1964లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. మరుసటి యేట ఇతర తలిదండ్రులతో గూడి జాతీయ సంఘమును, 1967లో పరిశోధనాలయమును స్థాపించెను. టీకాలను శంకించుటయందు మాత్రమాయన పొరబడెను. శాస్త్రమా శంకను త్రోసివేసినది. 2006లో ఆయన దివంగతుడయ్యెను. బిడ్డ స్థితికి తననే నిందించుకొను తల్లి గుండెబరువును దించిన కీర్తి మాత్రము చెదరనిది.