న్యూయార్క్ నేలను ఏలిన తండ్రీకొడుకులు

జర్మనీలోని వాల్‌డార్ఫ్‌లో 1763లో ఓ మాంసం వ్యాపారి ఇంట జన్మించిన జాన్ జాకబ్ ఆస్టర్ ఇరవయ్యేళ్ల ప్రాయంలో అమెరికాకు పయనమయ్యారు. అన్న హెన్రీ అప్పటికే న్యూయార్క్‌లో మాంసం వ్యాపారం సాగిస్తున్నారు. 1785లో ఆస్టర్ సారా టాడ్‌ను వివాహమాడారు. బొచ్చుతోళ్ల మేలిమిని చూపుతోనే పసిగట్టడంలో ఆమె దిట్ట. ఆస్టర్ సంపదలో ఆమె వాటా తక్కువేమీ కాదు.

తోళ్ల లాభాలను ఆస్టర్ మన్‌హట్టన్ భూములపై పెట్టారు. ఊరు దీవి దక్షిణ కొసనే ఉండగా, ఉత్తరాన పొలాలు కొన్నారు. వాటిలో అధికభాగం అమ్మక దీర్ఘకాలిక లీజుకిచ్చారు. కట్టడం ఖర్చు లీజుదారుది, నేల ఆస్టర్‌ది. 1834లో తోళ్ల వ్యాపారం వీడాక భూములే ఆయన లోకం. లీజులు, అద్దెల పద్దులు కుమారుడు విలియం చూసుకునేవారు.

1848లో ఆస్టర్ కన్నుమూసేనాటికి ఆస్తి సుమారు 2 కోట్ల డాలర్లు. గ్రంథాలయానికి 4 లక్షలు రాసి, సింహభాగం విలియంకే వదిలారు. అయితే ఆ స్థలాల్లో లీజుదారులు లేపిన ఇరుకు ఇళ్లలో వలస కూలీలు కిక్కిరిసి బతికారు. ఇంటి బాగోగులు కాగితంపై లీజుదారువి. నేల అద్దె మాత్రం ఆస్టర్ కార్యాలయానికి తప్పక చేరేది. 1875లో విలియం మరణానంతరం ఆస్తిలో అధికభాగం ఆయన కుమారుల్లో ఇద్దరికి సంక్రమించింది.