ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తెలిసిన మాస్టారు - సయ్యద్ అబ్దుల్ రహీం

జురాంగ్ ఐలాండ్‌లో పనిచేసే మనవాళ్ళకి సేఫ్టీ అన్న మాట గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పొద్దున్న గేటు దగ్గర పాసు చూపించినప్పటి నుంచి, సాయంత్రం కంపెనీ బస్సులో కాజ్‌వే దాటేదాకా అదే మాట వింటూ ఉంటాం. అమెరికాలో ఎం.ఎస్. చేసి ఇటు వచ్చిన నాలాంటి వాళ్ళకి మాత్రం ఇంకో సేఫ్టీ కూడా తెలుసు. అక్కడి ఫుట్‌బాల్‌లో అందరికన్నా వెనక నిలబడి కాపలా కాసే ఆటగాడిని సేఫ్టీ అంటారు.

ఆ ఆటని ఇష్టపడేవాళ్ళు ఒక ప్రశ్న మీద వారమంతా వాదించుకుంటారు. ఫలానా సేఫ్టీ మంచి ఆటగాడే, కాదనం. కానీ మన టీం ఆడే డీప్ జోన్ పద్ధతికి సరిపోతాడా? జోన్ పద్ధతిలో ఒక మనిషి వెంట పరిగెత్తడం ఉండదు, ఒక చోటుని కాపాడాలి. ఇద్దరు సేఫ్టీలుంటే వెనక మైదానాన్ని చెరిసగం పంచుకుంటారు. ఒక్కడే ఉంటే మధ్య భాగమంతా అతని పూచీ. ముందుకి దూకి ఎదుటివాణ్ణి పడగొట్టడంలో మొనగాడు కూడా అక్కడ తేలిపోవచ్చు. తొందరపడి ఒక్క అడుగు ముందుకేశాడంటే వెనకంతా ఖాళీ!

ఆట వేరైనా ఇదే ప్రశ్నని జీవితాంతం వేసుకున్న మనిషి మన హైదరాబాదులో ఒకాయన ఉండేవారు. ఆయన కాలితో ఆడే అసలు ఫుట్‌బాల్ కోచ్. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ రహీం సాబ్. క్రికెట్‌లో అజారుద్దీన్, లక్ష్మణ్‌ల గురించి గంటలు గంటలు చెప్పగలిగే మనలో చాలామందికి ఈయన పేరు 2024లో వచ్చిన మైదాన్ సినిమా దాకా తెలియదు. అందుకే ఈసారి ఆయన గురించి చెప్పుకుందాం.

బడిపంతులు

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివి స్కూలు టీచరయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ స్కూళ్ళలో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. సొంతంగా కూడా మంచి ఆటగాడే, స్థానిక లీగులో ఆడేవారు. కానీ ఆయనకి పేరు తెచ్చింది ఆడటం కాదు, ఆడించడం. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకి కోచ్‌గా కుదిరారు. 1963లో కన్నుమూసేదాకా ఆ టీంని వదల్లేదు.

ఆ టీం చేసిన పని వింటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పుని 1950, 1954, 1957లలోనూ, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో 1961లోనూ గెలిచింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి కలకత్తా క్లబ్బులే రాజ్యమేలుతున్న రోజులవి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1956-57, 1957-58లలో వరసగా రెండుసార్లు తెచ్చుకుంది. ఇవాళ బిర్యానీకీ ఐ.టి.కీ పేరున్న మన ఊరు ఆ రోజుల్లో దేశానికి ఫుట్‌బాల్ రాజధాని అంటే అతిశయోక్తి కాదు.

ఆయన కోచింగ్‌లో బడిపంతులు లక్షణాలు బాగా కనిపిస్తాయి. పిల్లవాడు ఏ లెక్కలో వెనకపడ్డాడో ఆ లెక్కే మళ్ళీ మళ్ళీ చేయించే పద్ధతి. బలహీనమైన కాలితో కొట్టిన గోలు మాత్రమే లెక్కలోకి వచ్చేలా ప్రత్యేకంగా టోర్నమెంట్లు పెట్టేవారు. బంతిని అట్టే పెట్టుకుని ఒంటరిగా లాక్కెళ్ళడం ఆయనకి నచ్చేది కాదు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. అలా అందించాలంటే పక్కవాడు ఎక్కడుంటాడో ముందే తెలిసుండాలి. అంటే ప్రతివాడూ తన చోటులో తాను ఉండాలి.

పదింటి దెబ్బ

1951లో మొట్టమొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. రహీం సాబ్ కోచ్, శైలేన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన గోలుతో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచాం. ఇంక మనకి తిరుగులేదనుకునే లోపే 1952 హెల్సింకీ ఒలింపిక్స్ వచ్చాయి. యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయాం. చలిలో, తడి నేల మీద, మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాతే మన ఆటగాళ్ళకి బూట్లు తప్పనిసరి చేశారు.

అయితే తేడా అంతా బూట్లలోనే లేదని రహీం సాబ్‌కి అర్థమైంది. అప్పట్లో అందరూ ఆడేది డబ్ల్యూ-ఎం పద్ధతి. వెనక ముగ్గురు, వాళ్ళలో గోలుకి ఎదురుగా స్టాపర్ ఒక్కడే. ఎదుటి టీం సెంటర్ ఫార్వర్డ్ ఎటు పోతే వాడు అటు పోవాలి. 1953లో వెంబ్లీలో హంగరీ ఇంగ్లండుని 6-3తో ఓడించినప్పుడు ఆ పద్ధతిలోని డొల్లతనం లోకానికంతా తెలిసిపోయింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటి ముందు నిలబడకుండా వెనక్కి జారిపోయాడు. ఇంగ్లండు స్టాపర్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. అతని వెంట వెళ్తే వెనక ఖాళీ, వెళ్ళకపోతే అతను స్వేచ్ఛగా ఆడుకుంటాడు. అమెరికన్ సేఫ్టీ కష్టం కూడా సరిగ్గా ఇదే కదా!

వెనక్కి జారే సెంటర్ ఫార్వర్డ్ ఎత్తుని రహీం సాబ్ మన టీంలోకి తెచ్చారు. వెనక వైపు, 4-2-4 పద్ధతిని మన దేశానికి పరిచయం చేసిన వాళ్ళలో ఆయనే ముందున్నారు. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో గెలిచి ఆ పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. అందులో స్టాపర్లు ఇద్దరు. ఒకడు బంతి మీదకి వెళ్తే రెండోవాడు వెనక చోటుని కాస్తాడు. మా ప్లాంట్ల భాషలో చెప్పాలంటే, ఒక వాల్వ్ పనిచెయ్యకపోతే ఆదుకోవడానికి ఇంకోటి ఉంటుంది.

మెల్‌బోర్న్, రోమ్

ఈ కష్టానికి ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. మొదటి ప్రత్యర్థి హంగరీ రాకపోవడంతో మనకి వాకోవర్ దొరికింది. తర్వాత ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాని 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే! సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో ఓడాం. నాలుగేళ్ళ కిందటి పది గోళ్ళు నాలుగయ్యాయి. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలవడంతో నాలుగో స్థానం దక్కింది. ఆ టీంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాద్ కుర్రాళ్ళు ఉన్నారు. బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన పేదింటి పిల్లవాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. హంగరీతో 2-1తో మాత్రమే ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేశాం, పెరూతో 3-1తో ఓడాం. ముందుకి వెళ్ళలేకపోయాం గానీ, ఎనిమిదేళ్ళ కిందట పది గోళ్ళు తిన్న టీం ఇదేనా అనిపించింది. ఆ జట్టులో రహీం సాబ్ కొడుకు హకీం కూడా ఉన్నాడు. ఉన్నాడు గానీ, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఎవరు ఎక్కడికి సరిపోతారన్న లెక్కలో సొంత కొడుక్కి కూడా మినహాయింపు లేదన్నమాట!

జకార్తా 1962

ఇక అసలు కథ. 1962 ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌కి క్యాన్సర్. ఆ ఒంటితోనే టీంని జకార్తా తీసుకెళ్ళారు. కెప్టెన్ చునీ గోస్వామి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండుని 4-1తో ఓడించాం. కానీ ఆ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తలకి పెద్ద దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి.

జర్నైల్ అంటే మామూలు ఆటగాడు కాదు. ఆ రోజుల్లో ఆసియాలోనే పేరుమోసిన స్టాపర్. ఒంటి బలం, తెగువ, ఎదురుదాడికి వచ్చినవాడు హడలిపోయే ట్యాకిల్. కానీ తల మీద కుట్లతో స్టాపర్‌గా ఎలా ఆడతాడు? ఆ చోట మ్యాచంతా బంతిని తలతో కొడుతూనే ఉండాలి. జపాన్ మీద 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరాం. ఇప్పుడు జర్నైల్‌ని పక్కన కూర్చోబెట్టాలా? దెబ్బతోనే పాత చోటులో ఆడించాలా?

రహీం సాబ్ ఈ రెండూ చెయ్యలేదు. జర్నైల్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు! అతను కాలేజీ రోజుల్లో ముందు వరసలో ఆడినవాడే. వెనక భారం అరుణ్ ఘోష్ మీద పెట్టారు. ఘోష్ ఆట వేరే రకం. ఆవేశపడడు, బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడతాడు. మొదట్లో చెప్పుకున్న డీప్ జోన్‌కి కావలసిన గుణం అదే. దూకి పడగొట్టే మనిషి ముందుకెళ్ళాడు, నిలబడి చూసే మనిషి వెనక మిగిలాడు. హైదరాబాదుకే చెందిన యూసుఫ్ ఖాన్ లాంటి వాళ్ళు ముందూ వెనకా రెండు పనులూ చెయ్యగలగడం ఈ మార్పుకి కలిసొచ్చింది.

ఇది ఎంత పెద్ద జూదమో ఆలోచించండి. టీంలో అందరికన్నా గట్టి గోడని తీసి ముందు పెట్టడం! ఓడిపోయి ఉంటే ఆ నింద ఆయనే మొయ్యాలి. మళ్ళీ సరిదిద్దుకునేందుకు ఇంకో టోర్నమెంట్ దాకా ఆయనకి ఆయుష్షు లేదు.

సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. ఒక గోలు జర్నైల్‌ది, రెండు చునీవి. సెప్టెంబర్ 4న సెనయాన్ స్టేడియంలో ఫైనల్. ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియానే. స్టేడియంలో సుమారు లక్ష మంది జనం, అందులో దాదాపు అందరూ మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్‌లని ఆ క్రీడలకి రానివ్వనందుకు భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారన్న కోపం అది. మనవాళ్ళ కోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉండటం విశేషం!

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. 20వ నిమిషంలో రెండో గోలు, కొట్టింది జర్నైల్ సింగ్! కొరియా చివర్లో ఒకటి తిరిగిచ్చినా అప్పటికే ఆలస్యమైంది. హైదరాబాదులో పుట్టిన గోల్ కీపర్ పీటర్ తంగరాజ్, అరుణ్ ఘోష్ లాంటి వాళ్ళు కలిసి మిగతా సమయం కాచుకున్నారు. 2-1తో బంగారు పతకం మనదైంది.

తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీం సాబ్ వెళ్ళిపోయారు. వయసు 53. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన పురుషుల ఫుట్‌బాల్ టీంకి ఒక్కసారి, 1970లో బ్యాంకాక్‌లో, కాంస్యం వచ్చింది. బంగారం మళ్ళీ రాలేదు. కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో, అంటే ఆయన పోయిన 22 ఏళ్ళకి.

మనకి ఏమిటి?

రహీం సాబ్ ఉర్దూ మాట్లాడే హైదరాబాదీ కాబట్టి తెలుగువాళ్ళ ప్రముఖుల జాబితాల్లో ఆయన పేరు సాధారణంగా కనపడదు. ఉగాది సభల్లో మనం తలుచుకునే పేర్లలోనూ ఉండదు. కానీ కాచిగూడలో పాఠం చెప్పి, చాదర్‌ఘాట్‌లో పిల్లల్ని ఆడించి, అమ్ముగూడ కుర్రాణ్ణి ఒలింపిక్స్‌కి తీసుకెళ్ళిన మనిషి మనవాడు కాకపోతే ఇంకెవరు మనవాడు?

ఇంకో మాట. మన ఉద్యోగాల్లో కూడా ఒక మనిషి సరిగ్గా పనిచెయ్యకపోతే వాడు పనికిరాడని వెంటనే తేల్చేస్తాం. వాడికి ఇచ్చిన చోటు వాడికి సరిపోయిందా అని అడిగే మేనేజర్లు తక్కువ. డీబగ్గింగ్‌లో దిట్ట అయినవాణ్ణి క్లయింట్ మీటింగులకి పంపి, మాట్లాడటం రాదని రివ్యూలో రాస్తాం. రహీం సాబ్ అయితే ముందు చోటు మార్చి చూసేవారు. దెబ్బ తగిలినవాడిలో కూడా ఇంకా ఏం మిగిలుందో వెతికేవారు.

ఆ ఫైనల్ జరిగిన స్టేడియం ఇప్పుడు గెలోరా బుంగ్ కర్నో అన్న పేరుతో జకార్తా నడిబొడ్డునే ఉంది. చాంగీ నుంచి విమానంలో రెండు గంటల లోపు ప్రయాణం. ఆఫీసు పని మీదో, సెలవులకో అటు వెళ్ళేవాళ్ళు ఒక గంట తీరిక చేసుకుని ఆ మైదానం చూసి రండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. మన హైదరాబాద్ బడిపంతులు ఒకాయన ఇక్కడే లక్ష మంది ఎదుట బంగారు పతకం గెలిపించారని వాళ్ళకి చెప్పండి.